పరిశోధన గ్రాంట్లు: అధ్యాపకులను ఫండింగ్ సంస్థల దాకా తీసుకెళ్లడం ఎలా?

చాలా కాలేజీల్లో రీసెర్చ్ సెల్ అంటే ఒక ఫార్వర్డ్ బటన్. ఫలానా సంస్థ ప్రపోజల్స్ పిలిచింది, ఆసక్తి ఉన్నవారు ఫలానా తేదీలోగా అప్లై చేసుకోవచ్చు అని అందరికీ ఒక మెయిల్ వెళ్తుంది. తెరిచేవాళ్లు కొందరు, చివరిదాకా చదివేవాళ్లు ఇద్దరు ముగ్గురు. వాళ్లలో ఒకరు డెడ్‌లైన్‌కి పది రోజుల ముందు కూర్చుని, నిద్ర మానుకుని ఏదో ఒకటి రాసి పంపుతారు. కొన్ని నెలలకు 'రిగ్రెట్' అని జవాబొస్తుంది. 'మనలాంటి కాలేజీలకు ఎవరిస్తారండీ' అనే మాట స్టాఫ్ రూమ్‌లో పాతుకుపోతుంది.

నేనూ కొన్నేళ్లు అలాంటి మెయిళ్లు పంపే కుర్చీలోనే కూర్చున్నాను. రాత బాగాలేకే ప్రాజెక్టులు పోతున్నాయని నమ్మి, రాత మీద వర్క్‌షాపులు కూడా పెట్టించాను. అసలు పొరపాటు రాయడానికి ముందే జరిగిపోతోందని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. మావాళ్లు ఎవరికి రాస్తున్నారో తెలియకుండా రాసేవారు. అవతల ఎవరున్నారు, వాళ్లకేం కావాలి, ఇంతకుముందు దేనికి ఇచ్చారు అన్నది ఎవరూ కనుక్కోలేదు. కనుక్కోవాల్సింది నేనే.

ఇలా గుడ్డిగా రాయడానికి ఎంత సమయం ఖర్చవుతుందో ఒకసారి ఆస్ట్రేలియాలో లెక్క కట్టారు. అక్కడి జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలికి 2012లో వచ్చిన 3,727 ప్రపోజల్స్ తయారీకి పరిశోధకులు పెట్టిన సమయమంతా కలిపితే సుమారు 550 పని సంవత్సరాలని తేలింది. నిధులు దక్కినవి మాత్రం దాదాపు అయిదింట ఒక వంతు. రాయడం మొదలుపెట్టకముందే 'ఇది మా పరిధిలోకి రాదండీ' అనే ఒక్క మాట వినగలిగితే నెల రోజులు మిగులుతాయి. ఆ మాట వినే ఏర్పాటు చేయడమే రీసెర్చ్ సెల్‌లో ఉన్న మన పని. వరుసగా చూద్దాం.

మొదటి అడుగు: ముందు మనవాళ్లను తెలుసుకోండి

గూగుల్ ఫారం పంపకండి. 'రీసెర్చ్ ఇంటరెస్ట్స్' అనే గడిలో అందరూ ఒకేలా రాస్తారు: మెషిన్ లెర్నింగ్, నానో మెటీరియల్స్, సస్టైనబిలిటీ. ఆ మాటలతో ఏ సంస్థనూ వెతకలేం. దాని బదులు మీరే వాళ్ల గదికో ల్యాబ్‌కో వెళ్లి అరగంట కూర్చోండి. మీ ఆఫీసుకు పిలిస్తే ఇంటర్వ్యూకి వచ్చినట్టు మాట్లాడతారు. వాళ్ల చోటైతే పరికరం చూపిస్తారు, సగంలో ఆగిపోయిన ప్రయోగం చూపిస్తారు. మీకు కావాల్సిన విషయం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అడగాల్సినవి నాలుగే. మిమ్మల్ని వదలకుండా వేధిస్తున్న ప్రశ్న ఏది? దాని మీద ఇప్పటికే మీ చేతిలో ఏముంది, కొద్దిపాటి డేటా అయినా సరే? డబ్బొస్తే మొట్టమొదట ఏం కొంటారు, ఎవరిని పెట్టుకుంటారు? వారానికి నిజంగా ఎన్ని గంటలు దీనికి ఇవ్వగలరు? ఆఖరి ప్రశ్నకు చాలామంది కాసేపు మౌనంగా ఉంటారు. వారానికి పద్దెనిమిది గంటల క్లాసులు చెప్పే మనిషితో మూడేళ్ల పెద్ద ప్రాజెక్ట్ వేయించడం సాయం కాదు. ముందు ప్రిన్సిపాల్‌తో వర్క్‌లోడ్ సంగతి మాట్లాడాలి.

ఆలోచనకు పదును పెట్టడానికి నాకు బాగా పనికొచ్చినవి జార్జ్ హైల్‌మయర్ ప్రశ్నలు. ఆయన 1975 నుంచి 1977 దాకా అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు డైరెక్టర్. తన దగ్గరకొచ్చే ప్రతి ప్రాజెక్టునూ ఇంచుమించు ఇవే అడిగేవారు. ఏం చేయబోతున్నారో పరిభాష లేకుండా చెప్పండి. ఇప్పుడు ఆ పని ఎలా జరుగుతోంది, అందులో ఇబ్బందేమిటి? మీ పద్ధతిలో కొత్తదేమిటి, అది ఫలిస్తుందని ఎందుకు అనుకుంటున్నారు? ఫలిస్తే ఎవరికి ఉపయోగం? ఎక్కడ దెబ్బతినే ప్రమాదం ఉంది? ఎంత ఖర్చు, ఎంత కాలం? దారిలో ఉన్నామో తప్పామో మధ్యలో ఎలా తెలుస్తుంది? అధ్యాపకులు వీటికి నోటితో జవాబు చెప్తుంటే మీరు రాసుకోండి. ఆ రాతే తర్వాత ఒక పేజీ నోట్ అవుతుంది.

పదిమందితో మాట్లాడాక ఎవరు ఇప్పుడే సిద్ధంగా ఉన్నారో, ఎవరికి ఇంకో ఆరు నెలలు డేటా కావాలో, ఎవరికి ఈ ఏడాది కుదరదో తెలిసిపోతుంది. మొదటి ఇద్దరు ముగ్గురితోనే మొదలుపెట్టండి. అందరినీ ఒకేసారి లాక్కెళ్లాలని చూస్తే ఒక్కరూ చివరిదాకా రారు.

రెండో అడుగు: సంస్థ మాటలు కాదు, ఇచ్చిన గ్రాంట్లు చూడండి

ఏ సంస్థ వెబ్‌సైట్ చూసినా 'సృజనాత్మక పరిశోధనకు ప్రోత్సాహం' అనే ఉంటుంది. నిజంగా దేనికి డబ్బిస్తారో ఇదివరకు ఇచ్చిన గ్రాంట్ల జాబితా చెప్తుంది. అదృష్టవశాత్తూ ఆ జాబితాలు చాలావరకు బహిరంగంగానే ఉంటాయి.

అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ (ఎన్‌ఐహెచ్) గ్రాంట్లన్నీ రిపోర్టర్ అనే డేటాబేస్‌లో కనిపిస్తాయి. అందులో మ్యాచ్‌మేకర్ అనే సాధనం ఉంది. మీ అధ్యాపకుల నోట్‌ని అక్కడ పేస్ట్ చేస్తే దానికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టులను, వాటిని సంస్థ తరఫున చూసుకునే ప్రోగ్రామ్ ఆఫీసర్లను చూపిస్తుంది. అక్కడిదే అయిన నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) అవార్డుల వివరాల్లో సంబంధిత ఆఫీసర్ పేరు కూడా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ ప్రాజెక్టులకు కోర్డిస్, బ్రిటన్ ప్రభుత్వ నిధులకు గేట్‌వే టు రీసెర్చ్ ఉన్నాయి. అమెరికాలోని ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా పన్ను శాఖకు ఇచ్చే 990-పీఎఫ్ ఫారంలో ఎవరికి ఎంత ఇచ్చిందీ రాయాలి. ఆ ఫారాలు ఎవరైనా చూడొచ్చు.

వీటన్నిటికంటే తేలికైన దారి ఇంకొకటి ఉంది. మీ అధ్యాపకులు తరచూ ఉదహరించే పది పేపర్లు తీసి, చివర్లో కృతజ్ఞతల భాగం చదవండి. ఆ పనికి డబ్బు ఎవరిచ్చారో గ్రాంట్ నంబరుతో సహా అక్కడే ఉంటుంది. ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు, ఆ రంగంలో డబ్బు ఎటు నుంచి వస్తుందో తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. సంస్థలు పేర్లు మార్చుకుంటాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. భారతదేశంలో చాలాకాలం ప్రాజెక్టులిచ్చిన ఎస్‌ఈఆర్‌బీ (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు), 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో విలీనమైంది. సీనియర్లు చెప్పిన పాత పేరు, పాత లింకు పట్టుకుని వెతికితే దారి తప్పుతారు.

జాబితా దొరికాక మూడు విషయాలు గమనించండి: మొత్తం ఎంత, ఎలాంటి సంస్థలకు వెళ్లింది, శీర్షికల్లో ఏ మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. గ్రాంట్లన్నీ పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయాలకే వెళ్తుంటే, చిన్న కాలేజీ ఒంటరిగా వెళ్లడం కష్టం. అలాంటి చోట ఒక పెద్ద బృందంలో కో-పీఐగా, అంటే సహ పరిశోధకుడిగా, చేరడం మేలు. లేదా చిన్న సంస్థల కోసమే పెట్టినవి వెతకాలి. ఎన్‌ఐహెచ్ వారి ఆర్15, ఎన్‌ఎస్‌ఎఫ్ వారి ఆర్‌యూఐ అలాంటివే. డిగ్రీ విద్యార్థులతో పరిశోధన చేయించే కాలేజీలను దృష్టిలో పెట్టుకునే వాటిని రూపొందించారు. ఆయా రంగాల వృత్తి సంఘాలు ఇచ్చే చిన్న గ్రాంట్లను కూడా తక్కువగా చూడకండి. పోటీ తక్కువ, జవాబు త్వరగా వస్తుంది. అన్నిటికీ మించి, 'డబ్బు తీసుకుని పని పూర్తిచేశారు' అన్న రికార్డు మొదలవుతుంది.

మూడో అడుగు: కాల్ మొదట మీరు చదవండి

కాల్ అంటే ప్రపోజల్స్ పిలుస్తూ సంస్థ ఇచ్చే ప్రకటన. యాభై పేజీల కాల్‌ని అధ్యాపకుల మీదికి తోసేయకండి. మీరు చదివి అర పేజీలో ఇవ్వండి: అర్హత, మొత్తం, గడువు, పేజీల పరిమితి, ఏ ఖర్చులు ఒప్పుకోరు, ఓవర్‌హెడ్ (కాలేజీ నిర్వహణ ఖర్చులకిచ్చే వాటా) ఎంత. ఓవర్‌హెడ్ నియమం సంస్థ సంస్థకూ మారుతుంది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ అయితే ప్రత్యక్ష ఖర్చుల మీద 25 శాతం లెక్కన ఇస్తుంది, కొన్ని ఫౌండేషన్లు అసలు ఇవ్వవు. ఒక సంస్థ నుంచి ఒక్క ప్రపోజలే తీసుకుంటామనే షరతు ఉందేమో తప్పకుండా చూడండి. అది చూడక ఒకే కాలేజీ నుంచి ఇద్దరు పంపి, ఇద్దరివీ తిరిగొచ్చిన సందర్భం నాకు తెలుసు. ఆ ఇద్దరూ తర్వాత ఏడాదిపాటు మాట్లాడుకోలేదు.

నాలుగో అడుగు: ఒక పేజీ నోట్

ప్రపోజల్ రాయకముందే దాన్ని ఒక పేజీలో చెప్పగలగాలి. ఎన్‌ఐహెచ్‌లో స్పెసిఫిక్ ఎయిమ్స్ (ప్రాజెక్ట్ లక్ష్యాలు) ఒక పేజీ, ఎన్‌ఎస్‌ఎఫ్‌లో ప్రాజెక్ట్ సమ్మరీ కూడా ఒక పేజీయే. మిగతా అంతా దాని చుట్టూ అల్లేదే.

సమస్యను రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. తెలియనిదేమిటో ఒక వాక్యం. మీ ప్రశ్న, దాన్ని తేల్చే రెండు మూడు పనులు, ఇప్పటికే చేతిలో ఉన్న ఆధారం, ఫలితం ఎవరికి పనికొస్తుంది, సుమారు బడ్జెట్. అంతే. మనవాళ్లు ఎక్కువగా తప్పేది మొదటి పేరాలోనే. ఆ రంగం చరిత్రంతా చెప్పుకొస్తారు, సొంత ప్రశ్న పేజీ అడుగుకు పోతుంది. నేను చేసే చిట్కా ఒకటే: వేరే డిపార్ట్‌మెంట్ వారికి ఆ పేజీ ఇచ్చి రెండు నిమిషాల తర్వాత వెనక్కి తీసుకుంటాను. 'ఏం చేస్తారట?' అని అడుగుతాను. చెప్పలేకపోతే మళ్లీ రాయాలి. మొదటిసారి చెప్పగలిగినవాళ్లు అరుదు.

అయిదో అడుగు: ఆఫీసర్‌కి మెయిల్

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఎందుకని అడిగితే, మొహమాటంగా ఒకే జవాబు: 'ముందే మాట్లాడితే పైరవీ అనుకోరా అండీ?' ఈ భయం నిజమైనది, కొట్టిపారేయకండి. కానీ తేడా చెప్పండి. చాలా ప్రభుత్వ సంస్థల్లో ప్రపోజల్స్‌ను తూచేది బయటి నిపుణులు, అంటే రివ్యూయర్లు. ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉద్యోగంలో ఒక భాగమే దరఖాస్తుదారులకు దారి చెప్పడం. 'నా ప్రాజెక్ట్ శాంక్షన్ చేయండి' అనడం పైరవీ. 'ఈ ప్రశ్న మీ ప్రోగ్రామ్‌లోకి వస్తుందా?' అనడం మామూలు పని. అయితే కానుకలు, విందులు, తెలిసినవాళ్ల చేత చెప్పించడం ఏ రూపంలోనూ వద్దు. కాల్‌లో 'ఆఫీసర్లను సంప్రదించవద్దు' అని రాసి ఉంటే దాన్ని పాటించాల్సిందే.

మెయిల్ అధ్యాపకుల పేరుతో, వాళ్ల ఐడీ నుంచే వెళ్లాలి. రీసెర్చ్ సెల్ నుంచి వెళ్తే అది సర్క్యులర్‌లా ఉంటుంది. నమూనాకు ఇలా:

'విషయం: ఉప్పునేలల్లో వేర్ల బ్యాక్టీరియాపై ప్రాజెక్ట్, మీ ప్రోగ్రామ్ పరిధిలోకి వస్తుందా?

నమస్కారం. నేను ఫలానా కాలేజీలో వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. ఉప్పు ఎక్కువున్న నేలలో పంట వేర్ల చుట్టూ చేరే బ్యాక్టీరియా మొక్కను ఎలా కాపాడుతుందో పరిశీలిస్తున్నాను. రెండు సీజన్ల కుండీ ప్రయోగాల్లో ఒక రకం బ్యాక్టీరియా స్పష్టమైన తేడా చూపింది. ఇక పొలంలో పరీక్షించాలి. నేల సూక్ష్మజీవులపై మీ ప్రోగ్రామ్ ఇటీవల ఇచ్చిన గ్రాంట్లు చూశాను. అవన్నీ ప్రయోగశాల స్థాయివి. పొలం పరీక్షలు కూడా మీరు పరిశీలిస్తారా అన్నది నా ప్రశ్న. ఒక పేజీ నోట్ జత చేశాను. వచ్చే రెండు వారాల్లో పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే వీలుంటే తెలియజేయగలరు.'

ఇందులో డబ్బు మాట లేదు, కాలేజీ గొప్పలు లేవు, అధ్యాపకుల ఇరవై ఏళ్ల అనుభవం లేదు. ఉన్నది ఒక ప్రశ్న. అవతలి మనిషి రెండు నిమిషాల్లో చదివి జవాబివ్వగలిగే ప్రశ్న. ఇచ్చిన గ్రాంట్లు చూశామని చెప్పడం వల్ల ఇది గంపగుత్తగా పంపిన మెయిల్ కాదని కూడా తెలుస్తుంది.

డెడ్‌లైన్ వారంలో పంపకండి, ఆ రోజుల్లో వాళ్లు మెయిళ్లలో మునిగి ఉంటారు. రెండు మూడు నెలల ముందైతే మంచిది. పది రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే అదే ప్రోగ్రామ్‌లో ఇంకో ఆఫీసర్ ఉన్నారేమో చూడండి. జవాబు రాకపోవడం తిరస్కారం కాదని మన అధ్యాపకులకు చెప్పే బాధ్యత మీదే, ఎందుకంటే వాళ్లు దాన్ని మనసుకు తీసుకుంటారు.

ఆరో అడుగు: పదిహేను నిమిషాల ఫోన్

ముందురోజు ఒకసారి రిహార్సల్ చేయించండి. మీరు ఆఫీసర్‌గా కూర్చోండి. అధ్యాపకులకు ఉపన్యాసం అలవాటు, అడక్కపోయినా పది నిమిషాలు చెప్పేస్తారు. రెండు నిమిషాల్లో ప్రాజెక్ట్ చెప్పి ఆపేయడం సాధన చేయాలి. మిగతా సమయం వినడానికి.

అడగదగినవి: ఈ ఆలోచన మీ ప్రస్తుత ప్రాధాన్యాలకు దగ్గరగా ఉందా? లేకపోతే ఏ ప్రోగ్రామ్‌కి దగ్గర? ఇలాంటి ప్రపోజల్స్‌లో రివ్యూయర్లు సాధారణంగా ఎక్కడ అభ్యంతరం చెప్తున్నారు? నాకున్న ప్రాథమిక డేటా సరిపోతుందా? ఈ బడ్జెట్ మీరిచ్చే స్థాయిలోనే ఉందా? కాల్‌లో రాసి ఉన్న విషయాలు మాత్రం అడగకూడదు. 'గడువెప్పుడండీ?' అనే ప్రశ్నతో అవతలివారికి ఉత్సాహం చల్లారిపోతుంది.

ఆ ఫోన్‌లో మీరూ ఉంటే, ఆ సంగతి ఆఫీసర్‌కి మొదటే చెప్పి, మాట్లాడకుండా రాసుకోండి. అధ్యాపకులు టెన్షన్‌లో సగం వినరు. జవాబుల అర్థం కూడా విడమర్చి చెప్పాల్సి వస్తుంది. 'ఆసక్తికరంగా ఉంది, ఎవరైనా అప్లై చేసుకోవచ్చు' అంటే మర్యాదగా దాటేశారని. 'మీ రెండో భాగమే మాకు పనికొస్తుంది' అంటే అది బంగారం, మొదటి భాగం ఎంత ఇష్టమైనా తగ్గించుకోవాలి. 'ఇది ఫలానా ప్రోగ్రామ్‌కి పంపండి' అంటే ఇంకా మంచిది, ఆ ఆఫీసర్ పేరు కూడా అడగండి. 'ఇది మా దగ్గర నడవదు' అన్నా నష్టం లేదు, నెల రోజుల రాత తప్పింది.

అదే రోజు సాయంత్రం మూడు వాక్యాల మెయిల్: ధన్యవాదాలు, మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, ఈ మార్పులు చేస్తున్నాను.

ఫోన్ కాకుండా వేరే దారులు

రివ్యూయర్‌గా కూర్చోవడాన్ని మించిన శిక్షణ లేదు. ఎన్‌ఎస్‌ఎఫ్ లాంటి సంస్థలు స్వచ్ఛందంగా రివ్యూ చేస్తామనేవారి పేర్లు తీసుకుంటాయి. ఒకసారి ప్యానెల్‌లో కూర్చుని పదిహేను ప్రపోజల్స్ వరసగా చదివినవారికి, తమ పాత ప్రపోజల్ ఎందుకు పోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అర్హత ఉన్న మీ అధ్యాపకుల చేత ఒక పేరా పరిచయం, సీవీ పంపించండి. సంస్థలు పెట్టే వెబినార్లలో ఒక్క మంచి ప్రశ్న అడిగినా పేరు గుర్తుండిపోతుంది. యూరప్ నిధులకు, యూరోపియన్ యూనియన్ పరిశోధన పథకమైన హొరైజన్ యూరప్ కింద ఆయా దేశాల్లో నేషనల్ కాంటాక్ట్ పాయింట్లు ఉన్నాయి, వాళ్ల పనే దారి చెప్పడం.

ప్రైవేటు ఫౌండేషన్ల దారి వేరు. చాలా ఫౌండేషన్లు పిలవకుండా పంపిన ప్రపోజల్స్ చూడవు, ముందు ఆలోచనను చెప్పే చిన్న లేఖ (లెటర్ ఆఫ్ ఇంక్వైరీ) అడుగుతాయి. అక్కడికి వెళ్లేముందు కాలేజీ యాజమాన్యాన్ని, పూర్వ విద్యార్థుల విభాగాన్ని కనుక్కోండి. ఒకరు భవనం కోసం, ఇంకొకరు ప్రాజెక్ట్ కోసం ఒకే వారంలో ఒకే తలుపు తడితే రెండూ పోతాయి. కంపెనీలతోనైతే పేటెంట్ ఎవరిది, పేపర్ వేసుకోనిస్తారా లేదా అన్నది పని మొదలవకముందే కాగితం మీద ఉండాలి.

పంపాక

బడ్జెట్, సంతకాలు, ఎథిక్స్ అనుమతుల గురించి ఎక్కువ చెప్పను. అంతర్గత గడువు అసలు గడువుకు వారం ముందు పెట్టండి, పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ నెల ముందే చేయించండి.

పంపాక ఎవరితో మాట్లాడాలన్నది మారుతుంది. ఎన్‌ఐహెచ్‌లో పంపకముందు ప్రోగ్రామ్ ఆఫీసర్, రివ్యూ జరిగేటప్పుడు సైంటిఫిక్ రివ్యూ ఆఫీసర్, ఫలితం వచ్చాక మళ్లీ ప్రోగ్రామ్ ఆఫీసర్. రివ్యూ సమయంలో తప్పు మనిషికి ఫోన్ చేస్తే ఇబ్బంది పెట్టినట్టే. అక్కడి స్కోరు కూడా తికమక పెడుతుంది: 10 నుంచి 90 దాకా ఉంటుంది, తక్కువైతేనే మంచిది. 70 వచ్చిందని స్వీట్లు పంచేలోపు మీరు వెళ్లి చెప్పాలి.

రిగ్రెట్ వస్తే మూడు రోజులు ఎవరికీ ఏమీ రాయనివ్వకండి. కోపంలో రాసిన మెయిల్ ఏళ్లపాటు గుర్తుంటుంది. నాలుగో రోజు రివ్యూలు పక్కన కూర్చుని చదవండి. సరిదిద్దగలిగినవి ఒక పక్క, ఆలోచననే వద్దన్నవి ఇంకో పక్క రాయండి. ఆ కాగితంతో ఆఫీసర్‌ని అడగాల్సింది ఒక్కటే: 'సరిచేసి మళ్లీ పంపడం మంచిదా, వేరే చోట వెతుక్కోవడం మంచిదా?' ఆయన ప్యానెల్ చర్చ విని ఉంటే, రాతలో లేని సంగతి అప్పుడు తెలుస్తుంది.

ఈ సంభాషణలన్నీ ఒక రిజిస్టర్‌లో ఉండాలి: ఏ సంస్థ, ఏ ఆఫీసర్, ఏ తేదీ, ఏమన్నారు. ఎన్‌ఎస్‌ఎఫ్‌లో కొందరు ఆఫీసర్లు విశ్వవిద్యాలయాల నుంచి కొన్నేళ్ల కోసం వచ్చి వెళ్లిపోయేవారే. ఇవతల రీసెర్చ్ సెల్‌లో మనమూ మారతాం. రిజిస్టర్ లేకపోతే మీ తర్వాత వచ్చేవారు మళ్లీ ఫార్వర్డ్ బటన్ దగ్గరే మొదలుపెడతారు.

గ్రాంట్ వస్తే సంబరాల్లో చాలామంది ఆఫీసర్‌ని మర్చిపోతారు, మళ్లీ గుర్తొచ్చేది రిపోర్టు ఆలస్యమైనప్పుడే. రిపోర్టు తేదీలు మీ క్యాలెండర్‌లో వేసుకోండి. పని ప్లాన్ మారుతుంటే మారకముందే చెప్పించండి. పేపర్ అచ్చయితే గ్రాంట్ నంబరు సరిగ్గా వేశారో లేదో చూసి, ఆ లింకు రెండు వాక్యాలతో ఆఫీసర్‌కి పంపించండి. ఆయన కూడా ఏడాది చివర పైవాళ్లకు ఏం సాధించామో చూపించాలి. అందులో చేర్చుకోవడానికి మీరు పంపిన పేపర్ పనికొస్తుంది.